నలభై దాకా నిశ్శబ్దం

కంటైనర్ల యార్డు ఏడో వరుసలో ఆ ప్రమాదం జరిగి ఇరవై మూడు రోజులైంది. క్రేన్ దించిన ఇనప పెట్టె అంచు కింద ఆ ఇంటి చిన్నకొడుకు ఎడమ పాదం నలిగిపోయింది. డాక్టర్లు దాన్ని తీసేశారు. ఆ క్రేన్ నడిపింది మరెవరో కాదు, అతని భార్యే. చిన్నకోడలు ప్రమాదం జరిగిన గంటకి ఏం చెప్పిందో, విచారణలోనూ అదే చెప్పింది: "చోటు ఖాళీగా ఉంది. చూసుకునే దించాను." నమ్మినవాళ్లు లేరు. సోమవారం పదింటికి విచారణ ముగుస్తుంది. 'ఆపరేటర్ అజాగ్రత్త' అన్న రెండు ముక్కల కింద ఆమె సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ రెండు ముక్కలూ అబద్ధమని తెలిసిన మనిషి ఆ ఇంట్లోనే ఉంది. పెద్దకోడలు అదే యార్డులో నెట్‌వర్క్ ఇంజనీరు. ప్రమాదం జరిగిన నాలుగో రోజున ఆ నిమిషం తాలూకు రికార్డు తెరిచి చూసింది. మార్పు చేసినవారి పేరు ఉండాల్సిన చోట తన పేరే ఉంది. మూసేసి ఇంటికొచ్చింది. ఎవరితోనూ అనలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి ఇక ఆగలేకపోయింది.

చిన్నకోడలు బకెట్ చంకన పెట్టుకునే డాబా మీద బట్టలు ఆరేస్తోంది. ఈ ఇరవై మూడు రోజుల్లో ఆమెకో కొత్త అలవాటు పట్టుకుంది. చేతిలో ఏమున్నా సరే, కింద పెట్టేముందు ఆ చోటుని అరచేత్తో ఒకసారి తడిమి చూసుకుంటుంది. కంచమైనా అంతే, గ్లాసైనా అంతే. కళ్ల డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లొచ్చింది. రెండుసార్లూ ఆయన కళ్లకేం కాలేదన్నాడు. ఆమె నమ్మలేదు.

"చెల్లీ, నీతో ఒక మాట చెప్పాలి. ఆ బకెట్ కింద పెట్టు."

"పెట్టాలంటే మళ్లీ చూసుకోవాలి. ఫర్వాలేదు, చెప్పక్కా."

పెద్దకోడలు రాత్రంతా కూర్చుకున్న మాటలు వరస తప్పాయి. చివర చెప్పాల్సింది ముందు వచ్చేసింది.

"నీ కళ్లు బాగానే ఉన్నాయి. నీ తెర మీద చోటు ఖాళీగానే ఉంది. కాకపోతే అది ఒకటిన్నర సెకను కిందటి బొమ్మ."

చిన్నకోడలు బకెట్‌ని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

"ఆయన చెయ్యి ఊపానన్నారు," అంది. "పెట్టె లాకు సరిచేయడానికి లోపలికి అడుగేసే ముందు కెమెరాకి చెయ్యి ఊపానని, నేను చూసి కూడా దించేశానని అంటారు."

"ఊపాడు. నీ దాకా రావడం ఆలస్యమైంది."

"నాకు కనబడిందక్కా ఆ చెయ్యి. పెట్టె నేలకి ఆనినట్టు నా బల్ల మీద దీపం వెలిగింది. అది వెలిగాక, తెర మీద ఆయన చెయ్యి ఊపుతూ కనబడ్డారు. దిగిపోయాక ఊపడమేంటి? ఎవరికైనా చెబితే పిచ్చి పట్టిందంటారని ఊరుకున్నాను. అలా ఎలా కనబడిందా అని రోజూ అనుకుంటున్నాను."

"దీపం తాలూకు కబురు చిన్నది, వెంటనే వస్తుంది. బొమ్మ పెద్దది. దారి సరిగా లేకపోతే వెనకబడుతుంది."

"మరి మోత రాలేదే? సిగ్నల్ పాడైతే మోత రావాలి కదా. రాలేదు కాబట్టే కదా ఆ బొమ్మని నమ్మాను."

"ఆ నిమిషంలో సిగ్నల్ నాణ్యత వందకి యాభై రెండు. నలభైకి పడిపోతేనే మోత వస్తుంది."

"డెబ్బై కదా?"

"డెబ్బై ఉండేది. నేనే తగ్గించాను."

యార్డులో క్రేన్లు నడిపేవాళ్లు క్రేన్ల మీద ఉండరు. అర కిలోమీటరు అవతల, రెండో అంతస్తు గదిలో, ఒక్కొక్కరు నాలుగేసి తెరల ముందు కూర్చుంటారు. కెమెరా బొమ్మలన్నీ గాలిలోంచి, వైర్‌లెస్ మీద వాళ్ల దగ్గరికి వస్తాయి. ఐదేసి అంతస్తులుగా పేర్చిన ఇనప పెట్టెల మధ్య సిగ్నల్ ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండదు. అందుకని దాని నాణ్యతకి వందలో ఇన్ని అని మార్కులు వేసే ఏర్పాటు ఉంది. మార్కు డెబ్బై కిందికి జారితే ఆపరేటర్ల గదిలో ఎర్ర దీపం, చెవులు చిల్లులు పడే మోత. మోత వస్తే పని ఆపి, మీట నొక్కి, అంతా సర్దుకునేదాకా ఆగాలి.

ఆ మోత ఒక్కో షిఫ్టులో నలభై ఆరుసార్లు వచ్చేది. చాలాసార్లు అడ్డంగా పెద్ద లారీ పోయిందనో, రెండు సెకన్లపాటు ఏదో అయిందనో వచ్చేది. చూస్తే ఏమీ ఉండేది కాదు. విసుగెత్తి ఆపరేటర్లు స్పీకరు మీద అట్టముక్క అతికించారు. ఆ రోజుల్లోనే, ప్రమాదానికి ఆరు వారాల ముందు ఒక శుక్రవారం సాయంత్రం, మరిది టీ గ్లాసుతో వదిన బల్ల దగ్గరికి వచ్చాడు. అతను ఏడో వరుసలో మేస్త్రీ. కింద నిలబడి పెట్టెల లాకులు సరిచూసే ముఠా అంతా అతని చేతికిందే పనిచేస్తుంది.

"వదినా, నీకు దణ్ణం పెడతా, ఆ గోల ఆపించు. అది అరిచినప్పుడల్లా నా మనుషులు ఎండలో నిలబడి ఆకాశం చూస్తున్నారు. నెట్‌వర్క్ ఎలా ఉన్నా ఫర్వాలేదు, అరవకుండా చూడు చాలు," అన్నాడు.

ఆమె గుడ్డిగా చేసిందేమీ లేదు. వారం రోజుల రికార్డులు అప్పటికే ముందేసుకుని కూర్చుని ఉంది. యార్డు మొత్తంలో మార్కు యాభైకి పడిపోయినా బొమ్మ నిలకడగానే ఉంటోంది. ఏడో వరుసలో మాత్రం అరవై దాటి కిందికి వస్తే బొమ్మ వెనకబడుతోంది. 'మిగతా అంతటా నలభై చాలు. ఏడుకి డెబ్బైయే ఉంచాలి' అని తన నోట్‌బుక్కులో రాసుకుంది కూడా. యార్డ్ మేనేజరు గదికి వెళ్లి, "నలభై పెడతాను సార్," అంది. ఆయన ఫోనులోంచి తలెత్తకుండా, "సరే సరే," అన్నాడు. యార్డులో ఆయన పేరే సరేసరే.

ఒక్కో వరుసకి విడివిడిగా పెట్టాలంటే ఒక్కో యాంటెన్నా తెరిచి అంకె మార్చాలి, అరగంట పని. అన్నిటికీ కలిపి పెట్టాలంటే ఒక్క నొక్కు. ఆ సాయంత్రం ఆమె అన్నిటికీ కలిపి నొక్కేసింది. ఏడో వరుస సంగతి సోమవారం చూద్దామనుకుంది. సోమవారం గేటు దగ్గర కెమెరాలు పనిచేయలేదు, మంగళవారం ఇంకోటి వచ్చింది. మోతలు షిఫ్టుకి మూడుకి పడిపోయాయి. అందరూ హాయిగా ఉన్నారు. ఏడో వరుస గుర్తొచ్చినప్పుడల్లా, ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అనుకుంది.

నోట్‌బుక్కులో రాసుకున్న మాటతో సహా, ఇదంతా ఆమె డాబా మీద తోడికోడలికి చెప్పేసింది.

చిన్నకోడలు మొదట నవ్వింది. ఏడుపుకీ నవ్వుకీ మధ్య ఏదో శబ్దం చేసి, "అయితే నా కళ్లు బాగానే ఉన్నాయా?" అంది. బకెట్‌ని తడిమి చూసుకోకుండానే ధడేలున కింద పెట్టేసింది. పెట్టాక, అదే చూస్తూ నిలబడింది. తర్వాత తలెత్తి అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నాలుగో రోజు."

"నాలుగో రోజు," అని మళ్లీ అంది. వేళ్ల మీద లెక్కపెట్టింది. "పంతొమ్మిది రోజులు. అత్తయ్య నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. 'ఆ చేతులతో నా కొడుక్కి అన్నం పెట్టకు' అంది. అప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు. ఉల్లిపాయలు తరుగుతున్నావు. నీ కత్తి ఆగిందా అక్కా? నాకు బాగా గుర్తుంది, ఆగలేదు."

"భయమేసింది."

"దేనికి భయం? నేనేమైపోతానోననా, నీ ఉద్యోగం ఏమైపోతుందోననా?"

అబద్ధమాడటానికి అది చక్కని చోటు. పెద్దకోడలికి ఓపిక లేకపోయింది. "ఉద్యోగానికే," అంది.

"నిజం చెప్పావు, బతికించావు." చిన్నకోడలు తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుని తోడికోడలి మణికట్టు పట్టుకుంది. "రా. ఇదే మాట కింద చెప్పు. అత్తయ్య ముందు, ఆయన ముందు. నాకొక్కదానికి చెబితే ఏం లాభం? చోటు ఖాళీగా ఉందని నేను మొదటి రోజు నుంచీ అంటూనే ఉన్నాను."

కింద గదిలో మరిది తలగడలకి ఆనుకుని ఉన్నాడు. దుప్పటి ఎడమ పక్కన కాస్త ముందుగానే అయిపోతుంది. ఎవరు గదిలోకి వచ్చినా ముందు అక్కడికే చూపు పోయి, చప్పున వెనక్కి వచ్చేస్తుంది. అత్తగారు మంచం పక్కన కూర్చుని పండు వలుస్తోంది. పెద్దకొడుకు ఓడ మీద పనికి వెళ్లి నాలుగు నెలలైంది. ఇంట్లో మాట చెల్లేది ఆవిడదే.

పెద్దకోడలు నిలబడే చెప్పింది. డెబ్బై, నలభై, యాభై రెండు. ఒకటిన్నర సెకను. అత్తగారికి అంకెలు ఎక్కలేదుగానీ సంగతి ఎక్కింది. పండు తొక్క పళ్లెంలో వేసి, ఇద్దరి వైపూ చూసింది.

"అంటే ఇద్దరూ కలిసి చేశారన్నమాట. ఒకతి ఆ మోత నోరు నొక్కేసింది, ఇంకొకతి నెత్తిన దించింది. వీడికి ఇంట్లోనే ఇంతమంది ఉండగా బయట శత్రువులెందుకు?"

"అత్తయ్యా, చెల్లి తప్పేం లేదు. బొమ్మే ఆలస్యంగా వచ్చింది."

"మరి నీ తప్పేనా?"

"నాదే."

"ఇన్నాళ్లూ గొంతులో ఏం అడ్డం పడింది?"

చిన్నకోడలే మాట మార్చింది. "ఆ అంకె తగ్గించాలని నీకెందుకు తోచింది అక్కా? ఎవరైనా అడిగారా?"

డాబా మీద పెద్దకోడలు ఈ ఒక్క సంగతే చెప్పలేదు. అతని పేరు తను ఎత్తకూడదని, అతనే చెప్పుకోవాలని అనుకుంది. ఇప్పుడు మరిది వైపు చూసింది. అతను కిటికీ వైపు చూస్తున్నాడు.

"నువ్వు చెప్పు," అంది.

"ఏం చెప్పను?"

"టీ గ్లాసుతో నా బల్ల దగ్గరికి వచ్చి ఏమన్నావో."

"నీ బల్ల దగ్గరికి రోజూ వస్తాను వదినా. రోజూ ఏదో ఒకటి అంటాను. అన్నీ గుర్తుంటాయా?" అతని గొంతు మామూలుగానే ఉంది. దుప్పటి అంచుని మాత్రం వేళ్లు మడత మీద మడత పెడుతున్నాయి. "నాకేం గుర్తులేదు."

"దణ్ణం పెడతానన్నావు."

"గుర్తులేదు వదినా."

అత్తగారు లేచి నిలబడింది. "చాల్లే, ఆపు. కాలు పోయి మంచాన పడ్డవాడి మీదకే నెడతావా? వాడే అడిగాడట! తన కాలు తనే తీయించుకున్నాడట! మీ అమ్మా నాన్నా నిన్ను చదివించింది ఇందుకేనా?"

చిన్నకోడలు మొగుడి వేళ్లనీ, ఆ దుప్పటి మడతలనీ చూస్తూ గుమ్మంలో ఉండిపోయింది.

సాయంత్రం పెద్దకోడలు వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు చిన్నకోడలు వచ్చింది. గ్లాసుడు నీళ్లు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది.

"ఆయనకి గుర్తుంది," అంది.

"నాకు తెలుసు."

"నీకు తెలియడం కాదు. నాకు చెప్పారు. ఆ శుక్రవారమే. 'వదినతో మాట్లాడి ఆ గోలకి మందు వేయించాను, రేపటినుంచి నీ చెవులు బతుకుతాయి' అన్నారు. నువ్వు నెట్‌వర్క్ బాగుచేశావనుకున్నాను. ఆ వారం నేనెంత హాయిగా నిద్రపోయానో! చెవుల్లో హోరు లేకుండా."

"మరి ఇందాక అక్కడే అనొచ్చుగా?"

"అక్కడ అనాలంటే ఆయన మొహంలోకి చూస్తూ అనాలి. ఆ రోజు నుంచి నేనింకా ఆ మొహం సరిగా చూడలేదక్కా."

పెద్దకోడలు కుళాయి కట్టేసింది.

"రేపు నీతో వస్తాను," అంది చిన్నకోడలు. "జరిగిందంతా రాసి నీ కాగితం నువ్వివ్వు. నన్నడిగితే ఏం చెబుతానో నాకే తెలియదు. నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు."

సోమవారం కంపెనీ బస్సులో ఇద్దరూ ఎప్పుడూ కూర్చునే సీటు ఖాళీగా ఉంది. చిన్నకోడలు దాన్ని దాటిపోయి, ముందు వరుసలో ముక్కూమొహం తెలియని మనిషి పక్కన కూర్చుంది. బస్సులో అందరూ చూశారు. ఎవరూ పలకరించలేదు. ఈ ఇరవై మూడు రోజుల్లో ఆ బస్సులో వాళ్లకి అదీ అలవాటైపోయింది.

విచారణ గదిలో పొడవాటి బల్ల, దాని మీద నీళ్ల సీసాలు. హెడ్ ఆఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి వయసు మళ్లినవాడు, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుని చదువుతాడు. ఆయన పక్కన టైపు చేసే అమ్మాయి. ఎదురుగా సరేసరే, గోధుమరంగు చొక్కాలో, ఎప్పటిలాగే ఫోను చేతిలో పట్టుకుని.

పెద్దకోడలు రెండు పేజీల కాగితం, ఆ నిమిషం తాలూకు రికార్డూ బల్ల మీద పెట్టింది. అధికారి రెండుసార్లు చదివాడు.

"ఈ డెబ్బై అన్నది మొదట ఎవరు పెట్టారమ్మా?"

"పరికరాలు బిగించినవాళ్లు సార్. డెబ్బైయే ఎందుకో వాళ్లూ చెప్పలేదు, మేమూ అడగలేదు."

"నలభై?"

"నేను పెట్టాను. ఏడో వరుసకి అది పనికిరాదని తెలిసి కూడా పెట్టాను. తర్వాత మారుద్దామనుకున్నాను. మార్చలేదు."

టైపు చేసే అమ్మాయి ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలుపెట్టింది.

"పైవాళ్ల అనుమతి ఉందా?"

"మేనేజర్ గారిని అడిగాను. సరే సరే అన్నారు."

"నేను ప్రతిదానికీ సరే సరే అంటాను సార్," అన్నాడు మేనేజరు నవ్వుతూ. "యార్డులో ఎవరినైనా అడగండి. అది అనుమతి కాదు, నా నోటి అలవాటు."

"ఆ నెలాఖరున మా అందరికీ మెయిల్ పెట్టారు సార్. మోతలు నలభై ఆరు నుంచి మూడుకి తగ్గాయని, అభినందనలని. కాపీ వెనక జతచేశాను."

"బాగా పనిచేశారని మెచ్చుకోవడం కూడా తప్పేనా సార్? నెట్‌వర్క్ బాగుపడిందనుకున్నాను. చెవులు మూసుకున్నారని నాకెవరు చెప్పారు?"

అధికారి ఆ కాపీని తిప్పి చూసి, బోర్లించాడు. "తగ్గించమని మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"మా మరిది అడిగాడు. నోటిమాట. అప్పుడు అక్కడ ఇంకెవరూ లేరు."

"అంటే సాక్ష్యం లేదు."

"సాక్షి ఉన్నాడు సార్," అన్నాడు మేనేజరు. "మేమే పిలిపించాం."

తలుపు తెరుచుకుంది. ఉదయం ఏడింటికి మంచం మీద వదిలివచ్చిన మనిషి, చంకల్లో కర్రలతో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కంపెనీ కారు ఇంటికి వెళ్లిందన్నమాట. అతను గడ్డం గీసుకున్నాడు. ఒంటి మీద కొత్త యూనిఫాం, మెడలో కొత్త కార్డు. కార్డు మీద 'గేటు కార్యాలయం' అని ఉంది, కూర్చుని చేసే కొత్త ఉద్యోగం. వెనకాల నడవాలో అత్తగారు బెంచీ మీద కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, నేలచూపులు చూస్తోంది. నిన్న మధ్యాహ్నం ఆవిడ పండు వలిచి పెడుతున్నప్పటికే ఈ కార్డు సంగతి ఆ గదిలో తెలిసే ఉంటుందని పెద్దకోడలికి అప్పుడర్థమైంది.

అతను కుర్చీలో కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. చిన్నకోడలు సాయానికి లేవబోయి, సగంలోనే కూర్చుండిపోయింది.

"ఆ అంకె తగ్గించమని మీ వదినగారిని మీరు అడిగారా?"

"లేదు సార్."

"మోతల గురించి ఎప్పుడైనా మాట్లాడారా?"

"నెట్‌వర్క్ సంగతులు నాకేం తెలుస్తాయి సార్? నేను లాకులు చూసుకునేవాణ్ణి." అదంతా అతను బల్లకే చెప్పాడు. ముందే తిప్పి తిప్పి చదువుకున్నట్టు, ఎక్కడా తడబడకుండా చెప్పాడు.

పెద్దకోడలికి కోపం రాలేదు. రావాలని ఎదురుచూసింది, రాలేదు. ఆ బల్ల కింద ఉన్న ఒక్క బూటు చూశాక, పంతొమ్మిది రోజులు నోరు మూసుకున్న తను అతన్ని ఏ నోటితో అబద్ధాలకోరు అంటుంది? తన ఉద్యోగం కోసం తను చేసిందే, అతని ఉద్యోగం కోసం అతను చేస్తున్నాడు.

అధికారి కళ్లజోడు నుదుటి మీంచి కిందికి లాక్కుని చిన్నకోడలి వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు ఆపరేటరే కాదు, ఇతని భార్య కూడా. ఇంట్లో ఎప్పుడైనా ఈ ప్రస్తావన వచ్చిందా?"

"సార్, మొగుడూ పెళ్లాల మధ్య మాటలు..." అంటూ మేనేజరు ముందుకి వంగాడు. అధికారి చెయ్యెత్తాడు.

చిన్నకోడలు లేచింది. "ముందు నేనొకటి అడగొచ్చా సార్?"

"అడగండి."

"రాలేదని చెబితే ఏమవుతుంది? వచ్చిందని చెబితే ఏమవుతుంది?"

ఆ ప్రశ్న ఆయన ఎదురుచూసింది కాదు. కానీ జవాబు దాచలేదు. "రాలేదంటే, తప్పంతా మీ తోడికోడలి మీద పడుతుంది. ఉద్యోగం పోతుంది, పోలీసుల దాకా కూడా వెళ్లొచ్చు. వచ్చిందంటే, మీ ఆయన నా ముందు అబద్ధం చెప్పాడని రాయాలి. జరిగినదాంట్లో ఆయన చెయ్యి కూడా ఉందని రాయాలి. ఆ మెడలో కార్డు ఉండదు."

"మరి నా తప్పు?"

"ఈ రికార్డు చూశాక మీ తప్పేమీ లేదమ్మా. ఎటు రాసినా మీది లేదు."

ఇరవై నాలుగు రోజులుగా ఆమె ఎదురుచూసిన మాట అది. దాని కోసమే ప్రతి ఉదయం లేచింది, ప్రతి కంచమూ తడిమి పెట్టింది. తీరా వచ్చాక, ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వస్తువేదో చేతికిచ్చినట్టు నిలబడింది. మొహంలో వెలుగేమీ లేదు. తల తిప్పి భర్త మొహంలోకి సూటిగా చూసింది. ఈసారి చూపు మరల్చుకోలేదు. అతనే ముందు కళ్లు దించుకున్నాడు.

"ఇంటికి పోదాం," అన్నాడు అతను, ఆమెకి మాత్రమే వినబడేలా. "నీ తప్పు లేదన్నారుగా. ఇంకేం కావాలి? పోదాం పద."

ఆమె కదలలేదు.

"వచ్చింది సార్. రాసుకోండి," అంది టైపు చేసే అమ్మాయితో. "ప్రమాదానికి ఆరు వారాల ముందు శుక్రవారం. అక్కకి ఆ రోజు రెండో షిఫ్టు, ఇంట్లో లేదు. అత్తయ్య పక్కింటికి వెళ్లింది. రాత్రి ఎనిమిదింటికి మా ఆయన ఇంటికొచ్చారు. 'వదినని ఒప్పించాను' అన్నారు. ఆ మాట నాతో అన్నది కాదు."

పెద్దకోడలు చప్పున తలెత్తింది. వంటింట్లో చెల్లి ఈ మాట చెప్పలేదు.

"మరెవరితో?"

"ఆ రాత్రి ఆయన ఒక్కరే రాలేదు సార్. వెంట ఇంకొకరున్నారు. మా ముందు గదిలో కూర్చుని, నేనిచ్చిన మంచినీళ్లు తాగారు. 'రాతకోతలేవీ లేకుండా చేశావు, మంచిపని' అని ఈయన భుజం తట్టి వెళ్లారు."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. మేనేజరు లేచి నిలబడ్డాడు. ఫోను బల్ల మీదే మరిచిపోయాడు.

"మీరు కూర్చోండి," అన్నాడు విచారణాధికారి, అతని వైపు చూడకుండానే. "ఎవరు వచ్చారమ్మా?"